చెక్కలో దాగిన గుర్రం

చదరంగం పావుల్లో గుర్రమంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. రాజు, మంత్రి, బంటు లేత్ మీద గుండ్రంగా తిరిగి తయారవుతాయి. గుర్రం తలను మాత్రం చేత్తో చెక్కాల్సిందే. 1849లో లండన్‌లో జాక్స్ సంస్థ అమ్మకానికి పెట్టిన స్టాంటన్ నమూనా ఇప్పటికీ టోర్నమెంట్లను ఏలుతోంది. ఆ పావుల్ని తయారుచేసే మన అమృత్‌సర్‌లో గుర్రాలు చెక్కడం ఒక ప్రత్యేక విద్య.

సన్నటి బ్లేడుతో చెక్కను కోసే స్క్రోల్ సా యంత్రం దగ్గర ఈ లెక్క తారుమారవుతుంది. ఇక్కడ గుర్రానికీ బంటుకీ ఒకటే పద్ధతి. నలుపలకల చెక్కముక్కకు పక్కపక్కనున్న రెండు ముఖాల మీద పావు బొమ్మ గీసిన కాగితాన్ని మడిచి అంటిస్తాం. ఒక ముఖం కోశాక ఊడిన ముక్కల్ని పారేయకూడదు. వాటిని మళ్లీ ఉన్నచోటే పెట్టి టేపు చుట్టాలి. లేకపోతే చెక్కముక్క యంత్రం బల్ల మీద స్థిరంగా కూర్చోదు, రెండో ముఖం మీది గీతలూ మిగలవు. తొంభై డిగ్రీలు తిప్పి రెండోసారి కోసి టేపు విప్పితే, పనసపండు చీల్చినప్పుడు తొన వచ్చినట్టు లోపలి నుంచి పావు వస్తుంది. ఆ ఆనందం నాకెప్పుడూ పాతబడలేదు.

లేత్ ఇచ్చే గుండ్రదనం ఇలా కోసిన పావులకు రాదు. మెడలు పలకలుగానే ఉంటాయి. నన్నడిగితే ఆ పలకలే అందం, గరుకు కాగితంతో వాటిని పూర్తిగా అరగదీయడం అన్యాయం.

మందపాటి చెక్కను తొందరపడి నెడితే సన్నటి బ్లేడు వంగి, పైన గీత మీదే ఉన్నా కింద కోత పక్కకు పోతుంది. అందుకే నిదానంగా నెట్టండి. అంతకన్నా ముందు, బ్లేడు బల్లకు నిటారుగా ఉందో లేదో మూలమట్టం పెట్టి చూసుకోండి.