పది మీటర్ల లోతున దాంపత్యం

సూట్‌కేసు రాలేదు, పడవ కదల్లేదు, విమానం ఆగలేదు. అండమాన్ దీవుల్లో స్కూబా డైవింగ్‌కు వెళ్లిన ఓ హైదరాబాద్ జంటకు సముద్రం నేర్పిన పాఠాలు

ఆరు మీటర్ల లోతులో ఆమె బొటనవేలు పైకెత్తి చూపింది. 'అంతా బాగుంది' అని చెప్పడం ఆమె ఉద్దేశం. పక్కనే ఈదుతున్న శిక్షకుడు ఒకసారి తేరిపార చూసి, ఆమె వీపున ఉన్న సిలిండర్ పట్టుకుని మెల్లగా పైకి తీసుకొచ్చేశాడు. తల నీటిపైకి తేలగానే నోట్లోంచి రెగ్యులేటర్ తీసి ఆమె అడిగిన మొదటి ప్రశ్న: "ఎందుకు తీసుకొచ్చేశారు?" అతను నవ్వాడు. "మీరే కదా పైకి పోదామన్నారు!"

డైవింగ్ భాషలో బొటనవేలు పైకెత్తితే 'పైకి పోదాం' అని అర్థం. బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. ఒడ్డున జరిగిన అరగంట పాఠంలో ఆ సంగతి రెండుసార్లు చెప్పారు. కానీ ముప్పై ఏళ్ల అలవాటు అరగంటలో పోతుందా?

ఆ ప్రయాణంలో వారికి ఎదురైన నాలుగో అపశ్రుతి అది. అప్పటికింకా అసలైనవి మిగిలే ఉన్నాయి.

సంచి ఒక దారి, మనుషులొక దారి

అతను సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. సొంతూరు భీమిలి. ఊహ తెలిసినప్పటి నుంచీ సముద్రంలో ఈదినవాడు. ఆమె బ్యాంకు ఉద్యోగి. పుట్టి పెరిగింది కరీంనగర్‌లో. మోకాలి లోతు దాటి నీళ్లలోకి దిగిన సందర్భం ఆమెకు గుర్తు లేదు. పెళ్లయి ఎనిమిదేళ్లు. ఆరేళ్ల కూతుర్ని అమ్మమ్మ దగ్గర వదిలి, డిసెంబరు మొదటి వారంలో ఐదు రోజులు సెలవు పెట్టారు. ప్రయాణం ఆలోచన అతనిదే. ప్రణాళికా అతనిదే. ప్రతి గంటా లెక్కగట్టి కంప్యూటర్‌లో పట్టిక వేసి మరీ బయల్దేరాడు.

ఆ పట్టిక చెన్నైలో విమానం మారేటప్పుడే చెదిరింది. వాళ్లు శ్రీ విజయపురంలో దిగారు, సూట్‌కేసు దిగలేదు. (2024 సెప్టెంబరు దాకా ఈ ఊరి పేరు పోర్ట్ బ్లెయిర్. చాలామంది నోట ఇప్పటికీ ఆ పేరే వస్తుంది.) అది చెన్నైలోనే ఉందని, మరుసటి రోజో ఆపై రోజో వస్తుందని కౌంటర్‌లోని అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది. ఆ సాయంత్రం అబర్డీన్ బజార్‌లో తువాళ్లు, టూత్‌బ్రష్‌లు, టీషర్టులు కొనుక్కోవలసి వచ్చింది. దంపతులిద్దరూ ఒకే రంగు టీషర్టులో తిరగడం పెళ్లయ్యాక అదే మొదటిసారి.

సూట్‌కేసు కన్నా పెద్ద సంగతి మరొకటి ఉంది. చెన్నై విమానాశ్రయంలో నాలుగు గంటల నిరీక్షణలో అతనికి జలుబు చేసింది. దాన్ని అతను పట్టించుకోలేదు.

మర్నాడు తెల్లవారుజామున ఫీనిక్స్ బే జెట్టీ దగ్గర టీ తాగుతూ తెలుగులో మాట్లాడుకుంటుంటే, టీ కొట్టు పెద్దాయన చెవులు రిక్కించాడు. వాళ్ల నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి చేపల వేటకు వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. ఇలాంటి పలకరింపు ఇక్కడ వింతేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో ప్రతి నూరుమందిలో 13 మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాతి స్థానం మనదే. విశాఖ నుంచి నౌకలో రావాలంటే రెండు రోజులు దాటుతుంది. తరాలుగా ఉత్తరాంధ్ర మత్స్యకార కుటుంబాలు ఆ దారినే వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి.

"తిరుగు పెయానానికి ఓ రోజు ఎదర పెట్టుకున్నారా బాబూ?" అనడిగాడు పెద్దాయన. లేదని, శుక్రవారం ఉదయం పడవ, సాయంత్రం విమానం అని అతను తన పట్టిక వివరించాడు. పెద్దాయన గ్లాసులు కడుగుతూ, "గాలి ఒప్పుకుంటే సరే. నేకపోతే నేదు" అన్నాడు. పట్టికలో గాలికి కేటాయించిన గడి ఏదీ లేదు.

అంకెల ఊళ్లు, ఆకుపచ్చ నీళ్లు

శ్రీ విజయపురానికి ఈశాన్యంగా సుమారు 40 కి.మీ. దూరంలో ఉంది స్వరాజ్ ద్వీప్. 1857 తిరుగుబాటును అణచిన బ్రిటిష్ సేనాని హెన్రీ హావ్‌లాక్ పేరు మోసిన ఈ దీవికి 2018 డిసెంబరు 30న కొత్త పేరు పెట్టారు. ప్రభుత్వ పడవలో అయితే రెండున్నర గంటలు, ప్రైవేటు కాటమరాన్‌లో అయితే గంటన్నర ప్రయాణం. ఆ గంటన్నరలో భీమిలి ఈతగాడు మూడుసార్లు వాంతి చేసుకున్నాడు. కరీంనగర్ అమ్మాయి కిటికీలోంచి ఎగిరే చేపలు చూస్తూ కూర్చుంది.

దీవిలో ఊళ్లకు రెండేసి పేర్లు. గోవింద్ నగర్, విజయ్ నగర్, కృష్ణ నగర్, రాధానగర్ అనేవి కాగితాల మీద. నోటిమాటగా మాత్రం మూడో నంబరు, ఐదో నంబరు, ఏడో నంబరు. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులకు 1950లలో ఇక్కడ భూములిచ్చారు. అడవి కొట్టి, వరి వేసి, పోక, కొబ్బరి నాటుకున్న ఆ కుటుంబాల తర్వాతి తరాలే ఇప్పుడు లాడ్జీలు, హోటళ్లు, అద్దె స్కూటర్లు నడుపుతున్నాయి. చేపల పులుసులో ఆవాల ఘాటు తగిలితే అది బెంగాలీ వంటిల్లని అర్థం.

తూర్పు తీరమంతా డైవింగ్ కేంద్రాలే. బుధవారం ఉదయం ఏడింటికే ఇద్దరూ హాజరయ్యారు. గాలి ఎక్కువగా ఉంది, రేపు రమ్మన్నారు. అది మూడో అపశ్రుతి. పట్టికలో ఒక రోజు మొత్తం ఖాళీ అయింది. అతను చిరాకుపడ్డాడు. ఆమె ఊయల మంచంలో పడుకుని మధ్యాహ్నం దాకా నిద్రపోయింది. కూతురు పుట్టాక పగలు అంతసేపు పడుకోవడం అదే మొదటిసారని తర్వాత చెప్పింది.

ఒక అబద్ధం, ఒక చెవి

గురువారం సముద్రం శాంతించింది. నీళ్లలో దిగే ముందు ప్రతి ఒక్కరూ ఒక ఆరోగ్య పత్రం నింపాలి. ఆస్తమా ఉందా? గుండె జబ్బు ఉందా? జలుబు, సైనస్ ఉన్నాయా? ఆమె ప్రతి ప్రశ్ననూ రెండుసార్లు చదివింది. అతను చకచకా అన్నిటికీ 'లేదు' అని టిక్కులు పెట్టేశాడు. "మీకు జలుబుంది కదా?" అని ఆమె మెల్లగా గుర్తుచేస్తే, "ఇదీ ఒక జలుబేనా" అన్నాడు.

జలుబు గురించి అంత పట్టింపు ఎందుకంటే, నీటిలో పది మీటర్ల లోతుకు దిగేసరికి శరీరం మీద ఒత్తిడి రెట్టింపవుతుంది. చెవిలోపలి గాలి కుంచించుకుపోయి కర్ణభేరి లోపలికి వంగుతుంది. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదితే, గొంతు నుంచి చెవికి వెళ్లే సన్నని గొట్టం తెరుచుకుని ఒత్తిడి సమానమవుతుంది. ప్రతి మీటరుకూ అలా చేస్తూ దిగాలి. జలుబు ఉంటే ఆ గొట్టం మూసుకుపోతుంది. ఎంత ఊదినా తెరుచుకోదు.

మొదటిసారి దిగేవారిని 12 మీటర్లు దాటనివ్వరు. ఒక్కొక్కరి వెంట ఒక శిక్షకుడు ఉంటాడు. ఆమె శిక్షకుడు కరెన్ తెగ యువకుడు. 1925లో బర్మా నుంచి మధ్య అండమాన్‌కు తీసుకొచ్చి స్థిరపరచిన ఈ తెగవారిలో సముద్రం ఆనుపానులు తెలిసినవారు ఎక్కువ. బొటనవేలి పొరపాటు తర్వాత అతను ఆమెను మళ్లీ కిందికి తీసుకెళ్లాడు. ఈసారి ఆమె వేళ్లతో సున్నా చుట్టింది.

అతను మాత్రం నాలుగు మీటర్ల దగ్గరే ఆగిపోయాడు. చెవిలో సూదితో గుచ్చినట్టుంది. ముక్కు మూసి ఊదాడు. ఇంకా గట్టిగా ఊదాడు. శిక్షకుడు 'బాగుందా?' అని సైగ చేస్తే, బాగోకపోయినా సున్నా చుట్టి చూపాడు. మరో మీటరు దిగేసరికి తట్టుకోలేక పైకి చెయ్యి చూపించాడు. పడవ ఎక్కి మాస్కు తీస్తే అందులో పలచగా రక్తం. అంతా అయ్యాక శిక్షకుడు ఒకే మాట అన్నాడు: "ఈత రాకపోతే మేం చూసుకుంటాం. నిజం చెప్పకపోతే ఏమీ చేయలేం."

డైవింగ్‌లో ఎవరూ ఒంటరిగా దిగరు. ప్రతి ఒక్కరికీ ఒక తోడు ఉంటారు. ఒకరి గాలి అయిపోతే రెండోవారి సిలిండర్ నుంచి పీల్చుకునేందుకు అదనపు గొట్టం కూడా ఉంటుంది. ఆ ఏర్పాటంతా ఒక్క నమ్మకం మీద నడుస్తుంది: తోడుగా ఉన్నవారు తమకు ఎలా ఉందో దాచరు.

పడవ అంచున తువాలు కప్పుకుని కూర్చుని అతను నీళ్లపైకి లేస్తున్న బుడగలు చూశాడు. వాటిలో కొన్ని ఆమెవి.

ఆమె చూసినవి

తొమ్మిది మీటర్ల దగ్గర ఎరుపు రంగు వెలిసిపోయి, తన గోళ్లరంగు గోధుమరంగులోకి దిగడం ఆమె మొదట గమనించింది. నీరు అన్నిటికన్నా ముందు ఎరుపునే మింగేస్తుంది. తర్వాత చప్పుడు. తన ఊపిరి కాక మరో శబ్దం ఉంది, వేరుశెనక్కాయలు ఒలుస్తున్నట్టు. పగడాలను కొరికి తింటున్న చిలుకచేపల పని అది. అవి నమిలి విసర్జించిందే తీరాల్లోని తెల్లటి ఇసుకలో చాలాభాగం.

ఒక సీ అనిమోన్ చేతుల మధ్య నారింజరంగు క్లౌన్ చేపల కాపురం కనిపించింది. 2003లో వచ్చిన 'ఫైండింగ్ నెమో' సినిమాతో ప్రపంచానికంతటికీ తెలిసిన చేపలివి. సినిమా చెప్పని సంగతి ఒకటుంది. ఇవన్నీ మగవిగానే పెరుగుతాయి. గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడదవుతుంది. అది చనిపోతే దాని జోడీ మగచేపే ఆడదిగా మారి ఇల్లు నడుపుతుంది.

పక్కనే పగడపు దిబ్బ మీద ఎముకల్లా తెల్లబడిన మచ్చలున్నాయి. నీరు మామూలు కన్నా వేడెక్కితే పగడాలు తమలో ఉంటూ రంగు, ఆహారం ఇచ్చే సూక్ష్మ శైవలాలను వెళ్లగొట్టేస్తాయి. ఆ వేడి ఎక్కువకాలం సాగితే ఆకలితో చనిపోతాయి. 2010లో అండమాన్ తీరమంతటా అలా జరిగింది. కొన్ని చోట్ల కోలుకున్నాయి, కొన్ని చోట్ల లేదు. తెల్లమచ్చ చూపించి శిక్షకుడు అరచేయి అటూ ఇటూ ఊపాడు. 'బాగోలేదు' అని ఆ సైగకు అర్థం. నీళ్లలో నేర్చుకున్న సైగల్లో ఆమెకు బాగా గుర్తుండిపోయింది అదే.

పట్టికలో లేని రెండు రోజులు

ఆ రాత్రి అతను కొత్త ప్రతిపాదన తెచ్చాడు. శుక్రవారం తెల్లవారుజామున మరోసారి దిగి, పడవెక్కి, సాయంత్రం విమానం అందుకోవచ్చని. డైవింగ్ కేంద్రంలో ససేమిరా అన్నారు. చెవి సంగతి అలా ఉంచి, ఒక్కసారి దిగినా కనీసం 12 గంటలు, ఎక్కువసార్లు దిగితే 18 గంటలు గడిచాకే విమానం ఎక్కాలి. లోతులో ఒత్తిడికి రక్తంలో కరిగిన నైట్రోజన్, విమానంలో ఒత్తిడి తగ్గగానే సోడాసీసా మూత తీసినట్టు బుడగలు కడుతుంది. అవి కీళ్లలో చేరితే నొప్పి, వెన్నుపాములో చేరితే పక్షవాతం.

అసలు ఆ వాదనే అనవసరమైంది. తెల్లారేసరికి బంగాళాఖాతంలో అల్పపీడనం, ఈదురుగాలి. పడవలన్నీ రద్దు. సాయంత్రం విమానం ఈ ఇద్దరూ లేకుండానే వెళ్లిపోయింది. కొత్త టికెట్లకు అయిన ఖర్చు, వాళ్లు డైవింగ్‌కు పెట్టినదానికన్నా ఎక్కువ.

ఈ దీవికి ఇది కొత్త కాదు. 2016 డిసెంబరులో, తర్వాత చెన్నైని తాకిన వార్దా తుపాను ఇంకా వాయుగుండంగా ఉన్నప్పుడే ఇక్కడ వెయ్యిమందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోయారు. నావికాదళం ఓడలు పంపి వారిని తరలించింది. దానితో పోలిస్తే ఈసారి వచ్చింది చిన్న గాలే.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె బలవంతం మీద అతను దీవిలోని ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లాడు. కర్ణభేరి చిరగలేదు, వాచింది. "రెండు రోజులు విమానం ఎక్కకపోతే మంచిది" అన్నాడు డాక్టరు. అప్పుడతనికి విషయం అర్థమైంది. పట్టిక ప్రకారం అన్నీ సవ్యంగా జరిగి ఉంటే, ఆ చెవితోనే అతను సాయంత్రం విమానంలో ఉండేవాడు. తిట్టుకున్న గాలే కాపాడింది.

శనివారం సాయంత్రానికి మబ్బులు పలచబడ్డాయి. ఇద్దరూ ఏడో నంబరుకు వెళ్లారు. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోనే ఉత్తమమని మెచ్చిన రాధానగర్ తీరమిది. ఒకప్పుడు ఇక్కడ రాజన్ అనే ఏనుగు సముద్రంలో ఈదేది. దుంగలు లాగేందుకు దీవులకు తెచ్చిన ఆ ఏనుగు కలప పని ఆగిపోయాక ఇక్కడే మిగిలిపోయి, 2016లో కన్నుమూసింది. డిసెంబరులో ఇక్కడ ఐదింటికే పొద్దుగూకుతుంది. దేశమంతటికీ ఒకే గడియారం గానీ, సూర్యుడికి ఆ సంగతి తెలియదు.

ఇసుకలో కూర్చుని ఆమె తాను చూసినవన్నీ మొదటి నుంచి చెప్పింది. చిలుకచేపల చప్పుడు, వెలిసిన గోళ్లరంగు, తెల్లమచ్చ. అతను వాచిన చెవిని అటు పెట్టి, బాగున్న చెవిని ఇటు తిప్పి విన్నాడు. మధ్యలో ఆమె "నొప్పిగా ఉందా?" అని అడిగింది. అలవాటు కొద్దీ 'లేదు' అనబోయి ఆగి, అరచేయి అటూ ఇటూ ఊపాడు.

ఆదివారం పడవ కదిలింది. శ్రీ విజయపురం విమానాశ్రయంలో సూట్‌కేసు వారికోసం ఎదురుచూస్తోంది. తాళం కూడా తీయకుండానే అది మళ్లీ హైదరాబాద్ విమానం ఎక్కింది.