మిగతా 98 శాతం మాటేమిటి?



కంపెనీల చట్టం–2013 సెక్షన్ 135 ప్రకారం, ఏడాదికి 5 కోట్లు, ఆపైన నికర లాభం వచ్చే కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చు చేయాలి. దీన్నే సీఎస్ఆర్ అంటున్నాం. 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది.

ఎనిమిదో తరగతిలో ఈ విషయం చెబుతుంటే ఒక పాప లేచి, "మరి మిగతా 98 శాతం ఎలా సంపాదించారో ఎవరూ అడగరా మేడమ్?" అంది.

నాకు చాలా నచ్చిన ప్రశ్న ఇది. ఫ్యాక్టరీ తన మురుగునీటిని శుద్ధి చేసుకుంటే అది సీఎస్ఆర్ లెక్కలోకి రాదు. చట్టప్రకారం ఎలాగూ చేయాల్సిన పనే అది. చెరువులోకి రసాయనాలు వదిలేసి, ఊరి బడికి బెంచీలు కొనిచ్చినంత మాత్రాన బాధ్యత తీరిపోదని పిల్లలకు చెప్పాను.

మన స్కూలు కూడా ఒక సంస్థే కదా! అందుకే మా తరగతి పిల్లలు పాత నోట్‌బుక్కుల్లో మిగిలిన తెల్ల కాగితాలతో రఫ్ పుస్తకాలు కుట్టుకున్నారు.

మీలో చాలామంది ఉద్యోగాలు, వ్యాపారాలు చేస్తున్నారు. మీరు పనిచేసే చోట చెత్త ఎక్కడికి పోతుందో ఈ ఆదివారం మీ పిల్లలకు చెప్పండి. తెలియకపోతే ఇద్దరూ కలిసి కనుక్కోండి.