కింది మడి

పోయిన శ్రావణంలో రాయగడ నుండి కోరాపుట్ వెళుతూ దారిలో జోలా మడులు చూశాము. ఇక్కడి గిరిజనులు కొండవాగుకు అడ్డంగా గట్లు వేసి, మెట్లు మెట్లుగా వరిమడులు దిద్దుకున్నారు. పై మడి నిండగానే నీరు మడవ దాటి కింది మడిలోకి తానే దిగుతుంది. నేడు పెద్ద కాలువలపై నీటిమట్టాన్ని బట్టి తలుపులు ఎత్తి దించే యంత్రాలు వచ్చాయి; ఇక్కడ ఆ పనిని మడవ ఎత్తు ఒక్కటే చేస్తున్నది. అయితే పైవాడు అక్కడొక మట్టిపెళ్ళ అడ్డం పెడితే కింద పైరు ఎండవలసిందే గదా!

మేము చూస్తుండగానే ఒక ముసలమ్మ గట్టెక్కి వచ్చి మడవలన్నీ చూసుకొని పోయింది. ఆఖరి మడి ఆమెదట.

2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కోరాపుట్ సేద్యాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. రాయగడ నాగావళి శ్రీకాకుళానికి, కోరాపుట్ కొలాబు శబరియై గోదావరికి చేరుతున్నాయి. ఆ లెక్కన మనమూ కింది మడివాళ్ళమే!