చేతులు పట్టుకొనే ఆట

వేసవి సెలవులలో మా సంఘ యౌవనస్థులచేత మేము చెడుగుడు ఆడిస్తుంటాము. ప్రక్కకు ఏడుగురు, మెత్తని నేల, గీసిన గీతలు ఉంటే చాలు. పైసా ఖర్చు లేదు.

కూతకు వచ్చినవానిని ఒంటరిగా పట్టబోయినవాడు తరచు తానే అవుటవుతాడు. అందుకే పట్టేవారు ఇద్దరిద్దరుగా చేతులు పట్టుకొని నిలుస్తారు. ఒక ఏడు, పొలం గట్టు తగాదాతో మాటలు లేని రెండు ఇండ్ల పిల్లలు ఒకే జట్టులో పడ్డారు. ఆ రెండు చేతులు కలియలేదు. కూతకు వచ్చిన ప్రతివాడూ ఆ సందులోనుండే తప్పించుకొనిపోయాడు. మూడవ రోజున, మేమేమీ చెప్పకుండానే, వారిలో చిన్నవాడు చెయ్యి చాపాడు. పెద్దవాడు పట్టుకొన్నాడు.

నాయకత్వము కూడా ఇక్కడే నేర్చుకొంటారు. ఎప్పుడు పట్టాలో, ఎప్పుడు ఆగాలో చెప్పేవాడు నాయకుడు. అతడే అవుటై బయట కూర్చుంటే, ఆ పని మరొకడు చేయాలి. తోటివాడు పాయింటు తెస్తేనే బయటివాడు లోనికి వస్తాడు. నాయకుడైనా అంతే.

1990 బీజింగ్ ఆసియా క్రీడలు మొదలు 2014 వరకు పురుషుల కబడ్డీ స్వర్ణము మన దేశానిదే. 2018లో జకార్తాలో ఇరాన్ చేతిలో ఓడిపోయాము. 2023లో హాంగ్‌జౌలో ఆ జట్టునే ఓడించి తిరిగి సంపాదించుకొన్నాము. పడినవారు జట్టుగానే లేస్తారు.

మీ పిల్లలు ఆడి ఇంటికి వచ్చినప్పుడు, "గెలిచావా?" అని మాత్రమే అడుగకండి. "ఎవరి చెయ్యి పట్టుకొన్నావు?" అని కూడా అడగండి.