ఒక పిలుపు, నాలుగు బావులు
చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి సీమలో జీవనది లేదు. సేద్యానికి బోరుబావులే దిక్కు. అర్ధరాత్రి కరెంటు వస్తే నాన్నగారు పాములు తిరిగే గట్లమీద బావి బావికీ వెళ్ళేవారు. మాకు నిద్ర ఉండేది కాదు.

అందుకని బాగేపల్లి దగ్గరి మా ఇంటి మిద్దెపై ఒక రేడియో మోడెం, నాలుగు మోటార్ల వద్ద నాలుగు అమర్చుకొన్నాము. 865–867 మెగాహెర్ట్జ్ తరంగాలను తక్కువ శక్తితో వాడుకొంటే లైసెన్సు అక్కరలేదు. అన్నింటికీ తరంగం ఒకటే, నంబర్లు మాత్రం వేరు. అన్నీ ఒక్కసారే పలికితే ఏదీ వినబడదు గదా! కనుక మిద్దెమీదిది ఒక్కొక్కదానినే నంబరుతో పిలుస్తుంది. పిలిచినదే బదులిస్తుంది, తక్కినవి ఊరుకొంటాయి.

ఏరియళ్ళ నడుమ అడ్డు ఉండరాదు. చింతచెట్టు చాటునున్న మూడో బావి, గడ ఎత్తు పెంచాకనే పలికింది.

ఇప్పుడు నాలుగు బావుల జవాబులూ విన్నాక నాన్నగారు పడుకొంటారు, మేమూ పడుకొంటాము.