సరిగ్గా తగిలిన దెబ్బ

తుపాకీ అంటే నాకు దీపావళి నాడు పిల్లలు పేల్చే రీలు తుపాకీ తప్ప మరొకటి తెలియదు. నరసరావుపేటలో పుట్టి హైదరాబాదులో మెట్టిన ఇన్నేళ్ళలో నేను గురి చూసి విసిరిన ఆయుధం చీపురుకట్ట ఒక్కటే. అదీ బల్లి మీదికి. బల్లి ఇప్పటికీ క్షేమం.

అలాంటి నా ఇంట్లో మా అక్క కూతురు రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటానని మకాం పెట్టింది. 2012లో లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదు కుర్రాడు గగన్ నారంగ్ కాంస్యం తెచ్చినప్పటి పేపరు ముక్క ఇంకా దాని పుస్తకంలో భద్రంగా ఉంది. అక్కయ్య మాత్రం ఫోను మీద ఫోను. "ఈసారి కూడా మార్కులు రాకపోతే దాన్ని బస్సెక్కించవే. సంబంధం చూసి ఉంచాం" అని.

పోటీకి వారం ముందు తోడుగా వెళ్ళాను. యాభై మీటర్ల దూరాన టార్గెట్. దాని నడిమి వలయం మన చిటికెన వేలి గోరంత! తూటా ఎక్కడ తగిలిందో పిల్ల పక్కనున్న బుల్లి తెర మీద చుక్క పడుతుంది. నాలుగు రోజులుగా దాని చుక్కలన్నీ పక్కకే పడుతున్నాయి. కొన్నిటికి చుక్కే లేదు. పిల్ల కళ్ళనిండా నీళ్ళు. ఓదార్చాల్సింది పోయి, "ధ్యాస ఎక్కడుందే నీకు?" అని నలుగురి ముందూ కసిరాను.

అంతలో టార్గెట్లు బాగుచేసే పెద్దాయన స్క్రూడ్రైవరుతో వచ్చాడు. "అమ్మగారూ, పిల్లని అనకండి. ఇలా వచ్చి చూడండి" అని కాల్పులు ఆపించి అక్కడికి తీసుకెళ్ళాడు.

అదొక పెట్టె. ముందూ వెనకా రబ్బరు పొరలు, లోపల మూలల్లో మైకులు. తూటా రబ్బరును చీల్చిన చప్పుడు ఏ మైకుకు ఎంత ముందు చేరిందో చూసి, దెబ్బ ఎక్కడ తగిలిందో లెక్క కడుతుందట. శబ్దం వేగం ఎండను బట్టి మారుతుంది కూడా. సున్నా డిగ్రీల చలిలో సెకనుకు 331 మీటర్లయితే, మా రెంటచింతల నలభై డిగ్రీల ఎండలో దాదాపు 355. కాబట్టి వేడినీ కొలిచి లెక్కలో కలుపుకోవాలి.

ఆయన రబ్బరు మధ్యలో వేలు పెట్టాడు. వేలు అవతలికి పోయింది!

"బాగా కొట్టేవాళ్ళ తూటాలన్నీ ఇక్కడే తగిలి చిల్లు పడిందమ్మా. ఇప్పుడు సరిగ్గా మధ్యకొచ్చింది రబ్బరును తాకకుండా పోతుంది. చప్పుడు లేదు, చుక్కా లేదు. పక్కకు పోయినవే లెక్కకొస్తాయి."

నా నోట మాట రాలేదు. సరిగ్గా చేసింది లెక్కలోకి రాదు, తప్పు మాత్రం తెరకెక్కుతుంది. ఇది నేనెరిగిన యంత్రమే! మా గురజాల నాయకురాలు నాగమ్మను చూడండి. ఆడదై ఉండి మంత్రిత్వం నడిపిందంటారు. జనానికి గుర్తున్నది కోడిపందెం ఒక్కటే.

ఈ యంత్రాలు రాకముందు దూరపు మైదానాల్లో టార్గెట్ కింద గోతిలో మనుషులు కూర్చుని దెబ్బలు చూసి చెప్పేవారట. 1930లో ఇంగ్లండులోని బిస్లీలో మార్జొరీ ఫోస్టర్ మగవాళ్ళందరినీ దాటి కింగ్స్ ప్రైజ్ గెలిచింది, ఒకే ఒక్క మార్కు తేడాతో. ఆ ఒక్క మార్కునూ ఆడదని చూడకుండా నిజాయితీగా చూపించిన గోతిలోని మనిషికి దణ్ణం పెట్టాలనిపించింది.

కొత్త రబ్బరు బిగించాక పిల్ల పది తూటాలు కాల్చింది. పదింటికీ చుక్కలు పడ్డాయి. ఏడు నడిమి వలయంలోనే! "పిన్నీ!" అంటూ వచ్చి నన్ను చుట్టేసుకుంది. "తప్పు నాదేనే తల్లీ" అన్నాను. అక్కయ్యకు అక్కణ్ణుంచే ఫోను చేశాను. "సంబంధం వాళ్ళకు ఇప్పుడే మాటివ్వకు. తప్పిన గురి పిల్లది కాదు" అని.

రాత్రి మా ఆయన మాట్లాడకుండా భోంచేస్తున్నారు. ఉప్పెక్కువైతే తప్ప ఆయన నోట చప్పుడు రాదు.

"కూరెలా ఉందండీ?" అన్నాను.

"ఏం? బాగానే ఉందిగా!"

"ఆ మాట బయటికి రాకపోతే రబ్బరు అరిగిందేమోనని" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. పిల్లకు మాత్రం నవ్వాగక పొలమారింది.