సబ్బు పొడి నేర్పిన పాఠం

మన హాస్టల్లో భోజనం అయ్యాక కుళాయి దగ్గర వరుసలో నిలబడి పళ్లెం కడుక్కోవడం అందరికీ అలవాటే. నా పళ్లెం తళతళలాడాలని చారెడు సబ్బు పొడి వేసి తోమేవాడిని. ఆ అలవాటే ఒకరోజు యూనివర్సిటీ ల్యాబ్‌లో నేను తల దించుకునేలా చేసింది.

ఎం.ఎస్సీ. బయోకెమిస్ట్రీ చివరి సెమిస్టర్‌లో నా ప్రాజెక్టు కిడ్నీ జబ్బు ఉన్నవారి రక్తంలో ఫాస్పేట్ కొలవడం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో అది డెసిలీటరు సీరంలో సుమారు 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాములు. కిడ్నీలు పాడైతే బయటికి పోవలసిన ఫాస్పేట్ రక్తంలోనే పేరుకుంటుంది. దీన్ని కొలిచే పద్ధతిని 1925లో ఫిస్కేతో కలిసి ప్రకటించినది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని పాసవని మనిషి! సీరంలోని ప్రొటీన్లు తీసేసి, ఆమ్లంలో మాలిబ్డేట్ కలిపి, ఆపైన మరో రసాయనం వేస్తే నీలి రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే ఫాస్పేట్ అంత ఎక్కువ.

నమూనాల కోసం రీసెర్చ్ స్కాలర్ అక్కతో ఆసుపత్రికి వెళ్లాను. రక్తం ఇచ్చిన ఒక పెద్దమ్మ "నా రక్తంతో నీ చదువు పాసవుతుందా నాయనా?" అని నవ్వింది. "అవుతుందమ్మా" అన్నాను.

పోల్చి చూడడానికి ఆరోగ్యవంతులుగా నేనూ, నా మిత్రుడూ రక్తం ఇచ్చాం. టెస్ట్‌ట్యూబులన్నీ నేనే మన హాస్టల్ పద్ధతిలో కడిగాను. మర్నాడు రోగుల ట్యూబులు ముదురు నీలంగా వచ్చాయి. అనుకున్నట్టే వచ్చిందని పొంగిపోయాను. తీరా నా సీరం చూస్తే 7! నాకూ కిడ్నీ జబ్బేనా అని చెమటలు పట్టాయి. అసలు సీరమే వేయని బ్లాంక్ ట్యూబు కూడా లేత నీలంగా ఉంది.

"మనవి రెండూ 3.5 అని రాసెయ్, మిగతావి బాగానే ఉన్నాయిగా" అన్నాడు మిత్రుడు. పెన్ను తీశాను కూడా. కానీ నా అంకె తప్పయితే పెద్దమ్మ అంకె ఒప్పెలా అవుతుంది? ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున్నే అక్కతో చెప్పాను. "ట్యూబులు దేంతో కడిగావు?" అంది. చెప్పాను. "ఆ పొడిలోనే ఫాస్పేట్ ఉంది తమ్ముడూ" అంది. బ్లాంక్ విలువ తీసేస్తే చాలదా అన్నాను. "ఒక్కో ట్యూబుకు ఒక్కోలా అంటుకుంటుంది. దేనికెంత తీసేస్తావు?" అంది.

సారు దగ్గర ఒప్పుకున్నాను. బాగా తిట్టారు. రికార్డులో ఆ పేజీ చించకుండా అడ్డంగా గీత కొట్టి, కారణం రాసి, సంతకం పెట్టమన్నారు. ట్యూబులను పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెట్టి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి మళ్లీ చేశాను. నాది 3.6 వచ్చింది. కానీ ముగ్గురు రోగుల సీరం మిగల్లేదు. అందులో పెద్దమ్మది ఒకటి. నా ప్రాజెక్టు రిపోర్టులో ఆ మూడు గళ్లూ ఖాళీగానే ఉన్నాయి. వైవాలో అడిగితే జరిగింది చెప్పాను.

పెద్దమ్మకు చెప్పినట్టే పాసయ్యాను. ఆమె రక్తం మాత్రం నా చేతిలో వృథా అయింది. అది మరచిపోలేను.

తమ్ముళ్లూ, మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేనే. తప్పు బయటపడితే ఇంటికి పంపేస్తారేమోనన్న భయం మనలాంటి వాళ్లకు ఎక్కువ. అంకె మార్చమనేది ఆ భయమే. దాని మాట వినకండి, వెళ్లి చెప్పేయండి. తిట్లు పడతాయి, అంతే. పళ్లెం మాత్రం సబ్బు పొడితోనే కడగండి!